కుర్చీకి చీఫ్ కర్చీఫ్

నాలుగింటికి బయల్దేరదామనుకున్న ఇల్లు నాలుగూ నలభైకి కూడా చెప్పులు వెతుక్కుంటోంది.

చరిత ఒక్కతే తలుపు దగ్గర సిద్ధంగా నిలబడి ఉంది. చేతిలో రెండు స్టీలు చెంచాలు. మొహంలో రెండు కిలోల విసుగు.

"అమ్మా, లేటైతే ముందు వరస దొరకదు," అంది పదకొండోసారి.

వంటింట్లోంచి జవాబు రాలేదు గానీ పోపు వాసన వచ్చింది. వెళ్ళేది పాటల పండగ, వంటల పండగ. అక్కడ తినడానికి వెళుతూ కూడా అమ్మ భానుమతి పులిహోర కలుపుతోంది. ఎక్కడికెళ్ళినా మన డబ్బా మనకుండాలని ఆవిడ సిద్ధాంతం. తమ్ముడు సిద్ధార్థ్‌కి ఆరేళ్ళు. వాడి పేరులోనే 'సిద్ధ' ఉంది, కానీ వాడు మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉండడు. ఒక కాలికి సాక్సు, ఒక చేతికి సాక్సు వేసుకుని సోఫా కింద దూరాడు. నాన్న రామకృష్ణారావు కారు తాళాలు వెతుకుతున్నాడు. తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.

చరిత నిట్టూర్చింది. పదేళ్ళకే ఆ అమ్మాయికి యాభై ఏళ్ళ వాళ్ళ నిట్టూర్పు వచ్చేసింది. ఈ ఇంట్లో ఉంటే ఎవరికైనా వస్తుంది.

దోహాలో ఉండే కెబెక్ వాళ్ళు ఆ శుక్రవారం పార్కులో పండగ చేస్తున్నారు. కెబెక్ అంటే కెనడాలో ఫ్రెంచి మాట్లాడే ప్రాంతం. అక్కడి పాటల్లో ఫిడేలుంటుంది, అకార్డియన్ ఉంటుంది, ఇంకా చెంచాలుంటాయి. అవును, మనం సాంబారు కలుపుకునే చెంచాలే. రెండు చెంచాలు వీపులు ఆనించి, మధ్యలో వేలు పెట్టి పట్టుకుని, మోకాలికీ అరచేతికీ మధ్య ఆడిస్తే టక టక టక్ మని గుర్రం పరిగెత్తినట్టు మోగుతాయి. స్కూల్లో మ్యూజిక్ టీచర్ నేర్పించింది. ఈ పండగలో చెంచాలు వాయించే ఒక పెద్దావిడ వస్తుందనీ, ముందు వరసలో ఉన్న పిల్లల్ని స్టేజీ మీదకి పిలిచి తన పక్కన వాయించనిస్తుందనీ కూడా చెప్పింది.

అంతే, మూడు వారాలుగా చరిత చేతిలో చెంచాలే. అమ్మకి మాత్రం పంచదార డబ్బాలో చెంచా లేదు, పెరుగు గిన్నెలో చెంచా లేదు.

కానీ ఇన్ని రోజుల్లో చరిత వాయింపుని మొదటి నుంచి చివరిదాకా విన్నవాళ్ళు ఇంట్లో ఒక్కరూ లేరు. మొదలుపెట్టగానే అమ్మ మిక్సీ వేస్తుంది. నాన్నకి ఫోన్ వస్తుంది. తమ్ముడు మూకుడు పట్టుకొచ్చి పోటీకి దిగుతాడు. పాట ఉండేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు ముగ్గురూ ఒకేచోట కూర్చుని, ఒక్కసారి, మొత్తం వినాలి. చరిత కోరిక అంతే.

నిజానికి అల్ అజీజియాలో వాళ్ళ ఇంటి నుంచి పార్కుకి నడిస్తే పన్నెండు నిమిషాలు. కానీ పులిహోర డబ్బా నడవదు కాబట్టి కారు తీయాల్సిందే అన్నాడు నాన్న.

కార్లో ఆయన జోకులు మొదలయ్యాయి. అక్కడ మేపుల్ పాకం పెడతారట కదా, మేపుల్ అంటే పిల్లల్ని మేపేదన్నమాట అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కెబెక్‌లో కబుర్లకి కొదవుండదు అన్నాడు. తమ్ముడు ఆవులించాడు. అమ్మ కిటికీలోంచి చూస్తూ, ఎదర సిగ్నల్ పడింది చూసుకోండి అంది.

పార్కు గేటు ముందు ముగ్గుర్నీ దింపుతూ, నాన్న జేబులోంచి పసుపు గళ్ళ కర్చీఫ్ తీశాడు. కత్తి అప్పగించే రాజులా చరితకి అప్పగించాడు.

"అమ్మలూ, తెనాలి బస్టాండులో మీ నాన్న పేరు చెబితే ఇప్పటికీ కిటికీలు వణుకుతాయి. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాణ్ణి. ఒకసారి పడిందంటే ఆ సీటు మనదే. ఎంత పెద్దమనిషైనా దాన్ని తీసి కూర్చోడు. గుర్తుపెట్టుకో, కుర్చీకి చీఫ్ ఎవరు? కర్చీఫ్."

ఈసారి చరితకి నవ్వొచ్చింది. కానీ నవ్వితే ఆయన ఇంకోటి వేస్తాడని ఆపుకుంది.

పచ్చిక మీద చిన్న స్టేజీ కట్టారు. దాని ముందు వరసలుగా తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు. చుట్టూ తిండి స్టాళ్ళు. ఒకచోట బంగాళదుంప వేపుళ్ళ మీద జున్ను ముక్కలు వేసి పైన వేడి గ్రేవీ పోస్తున్నారు. ఇంకోచోట పొడవాటి తొట్టిలో ఐసు తురుము పరిచి, దాని మీద మరుగుతున్న మేపుల్ పాకం ధారగా పోస్తున్నారు. పాకం గడ్డకట్టేలోగా పుల్లకి చుట్టి చేతికిస్తున్నారు. అక్కడ పెద్ద క్యూ.

ముందు వరసలో సరిగ్గా నాలుగు కుర్చీలు ఖాళీగా కనిపించాయి. చరిత పరిగెత్తింది. ఒకదాంట్లో తను కూర్చుంది. రెండోదాని మీద నాన్న కర్చీఫ్, మూడోదాని మీద అమ్మ చున్నీ, నాలుగోదాని మీద తమ్ముడి టోపీ వేసింది.

"నువ్వు సీట్లు పట్టు. నేను నాలుగు పుల్లలు తీసుకుని ఇప్పుడే వస్తా," అని అమ్మ తమ్ముణ్ణి తీసుకుని పాకం స్టాలు వైపు వెళ్ళింది.

పెద్దవాళ్ళు 'ఇప్పుడే' అంటే ఎప్పుడో మీకు తెలుసుగా.

ఆరవుతుంటే జనం నిండిపోయారు. ముందుగా చేతికర్ర ఊతంతో ఒక ముసలావిడ వచ్చి, కర్చీఫ్ ఉన్న కుర్చీ చూపించి కూర్చోవచ్చా అన్నట్టు తల ఊపింది. చరిత మర్యాదగా, రిజర్వ్డ్ ఆంటీ, మా నాన్న వస్తున్నారు అంది. ఆవిడ తల ఊపి వెళ్ళింది. తర్వాత చంకలో పసిపాపతో ఒకామె వచ్చింది. రిజర్వ్డ్, అంది చరిత. తర్వాత ఇద్దరు కాలేజీ అన్నయ్యలు. రిజర్వ్డ్. నాలుగోసారికి ఆ మాటలోంచి మర్యాద ఊడిపోయి విసుగు ఒక్కటే మిగిలింది.

చరిత నాన్నకి ఫోన్ చేసింది.

"పార్కు దొరికింది అమ్మలూ. 'ఇంగ్' ఒక్కటే దొరకలేదు. మూడో చుట్టు తిరుగుతున్నా," అన్నాడాయన హుషారుగా.

స్టాలు వైపు చూసింది. అమ్మ క్యూలో లేదు. ఎక్కడా అని వెతికితే, తొట్టికి అవతల, పాకం గిన్నె పక్కన ఉంది. స్టాలు ఆవిడకి ఏదో చెబుతోంది. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి ఫ్రెంచి రాదు. కానీ అమ్మ ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూపిస్తోంది. ఉండ కట్టకపోతే అది ఇంకా లేత పాకం కిందే లెక్క అని అమ్మ రూలు. ఆ రూలు కెనడాకి కూడా వర్తిస్తుందనడంలో అమ్మకి అనుమానమే లేదు. తమ్ముడు రెండు చేతుల్లో రెండు పుల్లలతో, గడ్డం దాకా జిగటతో, స్వర్గంలో ఉన్నాడు.

చరిత అమ్మకి ఫోన్ చేసి రమ్మని అరిచింది. అమ్మ అక్కణ్ణుంచే గరిటె ఊపింది. ఆ గరిటె ఎప్పుడు ఆవిడ చేతికొచ్చిందో దేవుడికే తెలియాలి.

"రిజర్వ్డ్ అని చెప్తున్నాగా," అంది చరిత, వెనక ఎవరో నిలబడినట్టనిపించి, తిరక్కుండానే తెలుగులో.

"తెలుగు బిడ్డవా?" అని వినిపించింది.

తిరిగి చూసింది. నీలం కవరాల్ వేసుకున్న మనిషి. యాభై ఏళ్ళుంటాయి. జుట్టు మీద, కనుబొమల మీద సన్నటి రంపపు పొట్టు. మెళ్ళో కంపెనీ కార్డు.

"అవునంకుల్," అంది.

"నా పేరు మల్లన్న. పేర్లనే అన్న ఉన్నడు, మల్ల అంకులెందుకు బిడ్డా? మాది జగిత్యాల దిక్కు." ఆయన చున్నీ ఉన్న కుర్చీ వైపు చూశాడు. "ఈడ ఎవలన్న వస్తున్నరా? పొద్దుగాల అయిదింటి సంది నిలబడుడే. గిప్పుడే డ్యూటీ ఖలాస్ అయింది. కంపెనీ బస్సు ఎనిమిదింటికి. జరసేపు కూసొని పాట ఇందామని."

చరిత చున్నీ వైపు చూసింది. స్టాలు దగ్గర అమ్మ గరిటె వైపు చూసింది. ఇప్పుడు తీసేస్తే, సరిగ్గా అప్పుడే వాళ్ళు వస్తారు. అలా కావడం రాసిపెట్టి ఉంటుంది.

"మా అమ్మ, నాన్న, తమ్ముడు వస్తున్నారు. రెండు నిమిషాలే. సారీ."

మల్లన్న నవ్వాడు. "మా కాడ బస్సుల గూడ గింతే. నేనొకపారి మా మరదలి సంచి ఏసిన కిటికీలకెల్లి. సీటు దొరికింది, సంచి పోయింది. మా మరదలు ఇప్పటికీ మాట్లాడది."

ఇంకో రోజైతే చరిత పడీ పడీ నవ్వేది. ఇవాళ విసుగులో నవ్వు ఎక్కడో పారేసుకుంది. మల్లన్న వెళ్ళి లైటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కాసేపు కుడికాలి మీద, కాసేపు ఎడమకాలి మీద.

ఫిడేలు మొదలైంది. పక్కన ఒకాయన కుర్చీలో కూర్చునే రెండు కాళ్ళతో చెక్కపలక మీద దరువు వేస్తున్నాడు. మన ఇంట్లో అలా చేస్తే కింది ఫ్లాటు వాళ్ళు పైకొస్తారు. ఎర్రగళ్ళ చొక్కా వేసుకున్న పెద్దావిడ చెంచాలు పట్టుకుని స్టేజీ మీదకొచ్చింది. చరిత గుండె టక టక టక్ మంది.

ఆవిడ ముందు వరసని చూసింది. కర్చీఫ్‌ని చూసింది. చున్నీని చూసింది. టోపీని చూసింది. మైకు పట్టుకుని మెట్లు దిగి, నేరుగా కర్చీఫ్ ముందుకొచ్చి వంగి నమస్కారం పెట్టింది.

"బోన్‌స్వార్, మిస్యూ," అంది.

శుభ సాయంత్రం అయ్యగారూ, అని దానర్థం. జనం గొల్లుమన్నారు.

ఆవిడ కర్చీఫ్ కొస పట్టుకుని షేక్‌హ్యాండ్ ఇచ్చింది. అయ్యగారు చాలా పలచగా ఉన్నారు, ఇంకా ఏమీ తినలేదు కాబోలు అని ఇంగ్లీషులో బాధపడింది. చున్నీని, అమ్మగారూ, మీ రంగు బాగుందని మెచ్చుకుంది. టోపీని, బాబూ, తలెక్కడ పెట్టావని అడిగింది. జనం పొట్టలు పట్టుకున్నారు.

ఆవిడ చరిత వైపు చూసి ప్రేమగానే కన్ను గీటింది. కానీ చరిత చెవులు పాకంలా కాగిపోయాయి.

అయినా కుర్చీల్ని వదల్లేదు. ఇంత అవమానం పడ్డాక వదిలేస్తే, పడ్డదంతా వృథా కదా అనుకుంది.

మొదటి పాట ఒకళ్ళు అంటే అందరూ తిరిగి అనే పాట. ఆవిడ ఒక ముక్క పాడుతుంది, జనం అదే ముక్క పాడి తిప్పి కొడతారు. ఫ్రెంచి రాకపోయినా అందరూ నోటికొచ్చినట్టు అందుకున్నారు. వెనక వరసలు హోరెత్తాయి. ముందు వరసలో ఈ చివర మాత్రం ఒక అమ్మాయి గొంతు, మూడు బట్టల మౌనం.

పాట అయిపోయింది. చెంచాలు తెచ్చుకున్న పిల్లలెవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగింది.

చరిత చెయ్యి దానంతటదే లేచింది. ఆవిడ వేలు సూటిగా చరితనే చూపించింది.

చరిత లేచింది. రెండడుగులు వేసింది. ఆగిపోయింది.

తను వెళితే కుర్చీలు ఎవరు చూస్తారు? ఇప్పటికే ఒక పెద్ద కుటుంబం గద్దల్లా చూస్తోంది. నాన్నకి ఫోన్ చేసింది. ఇదిగో, సిగ్నల్ దగ్గర, అన్నాడాయన. అమ్మ వైపు చూసింది. అమ్మ గరిటె ఊపింది. కుర్చీలు పట్టింది ఈ మూడు నిమిషాల కోసం. ఇప్పుడు ఆ కుర్చీల కోసం మూడు నిమిషాలూ పోయేలా ఉన్నాయి. చరితకి ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది.

"నువ్వు పో బిడ్డా. నేను చూస్త," అన్నాడు మల్లన్న. స్తంభం దగ్గర్నుంచి ఎప్పుడొచ్చాడో పక్కనే ఉన్నాడు.

"ఎవరైనా కూర్చుంటారేమో."

"ఎట్ల కూసుంటరు? పొద్దుగాల గీ కుర్చీలన్ని ఏసినోన్ని నేనే. చూస్కునేటోన్ని గూడ నేనే. యల్లా, పో."

చరిత పరిగెత్తింది. నాలుగు మెట్లు. పైకి ఎక్కాక పార్కంతా కనిపించింది.

ఫిడేలు అందుకుంది. చరిత మోకాలి మీద చెంచాలు ఆడించింది. టక టక టక్. మూడు వారాలు అరిగిన దరువు, చెయ్యే వాయించుకుపోతోంది. పక్కన పెద్దావిడ తల ఊపింది. భలే, అనుకుంది చరిత. తల ఎత్తి తన కుర్చీల వైపు చూసింది.

నాలుగు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. వాటి పక్కన మల్లన్న నిలబడి ఉన్నాడు.

కూర్చోలేదు. పక్కన నాలుగు కుర్చీలుంటే, అందులో ఒకటి చరిత సొంతదే, దాని మీద గుడ్డ కూడా లేదు, దాంట్లో కూడా కూర్చోలేదు. కుర్చీ వీపు మీద ఒక చెయ్యి వేసి కాపలా కాస్తున్నాడు. గద్దల కుటుంబం వస్తే తల అడ్డంగా ఊపాడు. చేతికర్ర ముసలావిడ మళ్ళీ వస్తే, వినయంగా తల వంచి, రిజర్వ్ అని చెప్పాడు. చరిత మాటే. చరిత చెప్పినంత గట్టిగా కాదు, అంతే. చెప్పి, కుడికాలి మీది బరువు ఎడమకాలి మీదకి మార్చుకున్నాడు. ఇంకో చెయ్యి మాత్రం తొడ మీద దరువు వేస్తూనే ఉంది. చరిత చెంచాలతో పాటే, ఒక్క దెబ్బ తప్పకుండా.

టక టక ట...

చెంచా జారింది.

పెద్దావిడ చూసింది. చరిత తన చెంచాలు ఆవిడ చేతిలో పెట్టి, నాలుగు మెట్లూ రెండు గెంతుల్లో దిగింది. చున్నీ లాగి మెళ్ళో వేసుకుంది. టోపీ తీసి తన నెత్తిన పెట్టుకుంది. కర్చీఫ్ తీసి గుప్పిట్లో కుక్కుకుంది.

"కూర్చోండి."

"మీ నాయిన వస్తడు గద బిడ్డా."

"వాళ్ళు రాలేదు. మీరొచ్చారు. కూర్చోండి."

మల్లన్న కుర్చీని ఒకసారి చూసి, కవరాల్ దులుపుకుని, అంచు మీద కూర్చున్నాడు. తర్వాత కాస్త వెనక్కి జరిగాడు. ఆ తర్వాత వీపు పూర్తిగా ఆనించి, కళ్ళు మూసుకుని ఒక ఊపిరి వదిలాడు. చరిత అప్పటికే చేతికర్ర ముసలావిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసింది. పసిపాప తల్లిని కూడా పిలిచింది. తన కుర్చీ మిగిలింది. అందులో పసిపాప సంచి, ఆ సంచి పక్కన పాప నాన్న సర్దుకున్నారు.

స్టేజీ మీద పాట ఆగలేదు. ఫిడేలాయన అదే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తున్నాడు, చరిత కోసం. పెద్దావిడ చెంచాలు తిరిగి ఇచ్చింది. మళ్ళీ మొదటి నుంచి, అని వేలు తిప్పింది.

ఈసారి ముందు వరసలో మనుషులున్నారు. మల్లన్న ఇప్పుడు రెండు చేతులతో దరువు వేస్తున్నాడు. పెద్దావిడకి ఆ చేతులు నచ్చినట్టున్నాయి. స్టేజీ అంచుకొచ్చి ఇంకో జత చెంచాలు అందించింది. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, చరిత పట్టుకున్నట్టు కాకుండా, ఒక్క చేతిలో వేళ్ళ మధ్య ఇరికించి ఆడించాడు. మోకాలు లేదు, అరచెయ్యి లేదు. ఒక్క చెయ్యే. గలగలా వాన కురిసినట్టు మోగాయి.

దరువు కాళ్ళాయన కాళ్ళు ఆపి చూశాడు. తర్వాత నవ్వి వేగం పెంచాడు. మల్లన్న కూడా పెంచాడు. మధ్యలో చరిత. ముసలావిడ చేతికర్రతో నేల మీద తాళం వేసింది. పసిపాప కేరింతలు కొట్టింది. మూడు నిమిషాల పాట ఆరు నిమిషాలైంది. మొదటి నుంచి చివరిదాకా ముందు వరస ఒక్కరూ కదల్లేదు.

చప్పట్లు మోగుతుండగా మనవాళ్ళు వచ్చారు.

అమ్మ చేతిలో నాలుగు పుల్లలకి బదులు పదకొండు పుల్లలు. తమ్ముడు చేతులూ మూతీ కలిసిపోయి ఒకే ముద్దగా ఉన్నాడు. నాన్న చొక్కా చెమటతో తడిసింది. ఏడు చుట్లు తిరిగి, చివరికి కారుని తీసుకెళ్ళి మన ఇంటి కిందే పెట్టి, నడిచొచ్చానని చెప్పాడు. పన్నెండు నిమిషాలు పట్టిందట.

చరిత మళ్ళీ యాభై ఏళ్ళ నిట్టూర్పు విడిచింది.

"వెనక నుంచి చివర్లో చూశాం అమ్మలూ, వీడియో కూడా తీశా," అని నాన్న గర్వంగా ఫోన్ చూపించాడు. కెమెరా తిరగబడి ఉంది. ఒక నిమిషం పాటు ఆయన ముక్కే ఉంది. చాలా స్పష్టంగా వచ్చింది.

"ఇంతకీ సీట్లు పట్టమన్నాను కదే?" అంది అమ్మ వరస వైపు చూసి.

"పట్టాను. తర్వాత వదిలాను." చరిత పుల్ల అందుకుని కొరికింది. "రేపు ఇంట్లో మళ్ళీ వాయిస్తా. మిక్సీ ఆపి, ఫోన్ ఆపి, వీడి మూకుడు దాచి, ముగ్గురూ కూర్చుని వినాలి."

అమ్మ పులిహోర డబ్బా చంకలోకి మార్చుకుని, కూతురి నెత్తి మీది టోపీని, మెళ్ళో చున్నీని ఒకసారి చూసింది. "సరే. మొత్తం వింటాం," అంది.

గేటు అవతల కంపెనీ బస్సు హారన్ కొట్టింది. మల్లన్న లేచి చెంచాలు పెద్దావిడకి తిరిగి ఇచ్చాడు. నాన్న పరిచయం చేసుకుని, చెంచాలు ఎక్కడ నేర్చారని అడిగాడు. చెంచాలు కావు సారూ, మా ఊర్ల చిరుతలు, చేత పట్టి వాయించే చెక్క తాళాలు, చిరుతల భజనల పదేండ్లు ఆడిన అన్నాడాయన. అమ్మ డబ్బాలోంచి ఒక కాగితం ప్లేటు నిండా పులిహోర పెట్టి, పైన ఇంకో ప్లేటు మూసి చేతికిచ్చింది. డబ్బా ఎందుకు తెచ్చావని చరిత ఇక ఎప్పుడూ అడగదు.

మల్లన్న చరిత వైపు తిరిగాడు. "మంచిగ వాయించినవ్ బిడ్డా. నడుమల ఒకపారి తప్పినవ్."

"మిమ్మల్ని చూసే తప్పాను," అంది చరిత.

ఆయన నవ్వుతూ బస్సు వైపు నడిచాడు.

ముందు వరసలో ఆయన కుర్చీ ఖాళీ అయింది. వాళ్ళు నిలబడ్డ చోటి నుంచి పది అడుగుల దూరం ఉంటుంది. నాన్న కళ్ళు మెరిశాయి. చరిత గుప్పిట్లోంచి పసుపు గళ్ళ కర్చీఫ్ లాక్కుని, తెనాలి బస్టాండు గుర్తొచ్చిందో ఏమో, ఒక కన్ను మూసి గురి చూసి విసిరాడు. ఇరవై ఏళ్ళుగా గురి తప్పని చెయ్యి అది. కర్చీఫ్ గాల్లో విప్పుకుని, మెలికలు తిరుగుతూ, సరిగ్గా కుర్చీ వైపే దిగింది.

చరిత ఒక్క గెంతు గెంతి గాల్లోనే పట్టేసింది.

"ఏమ్మా, మన సీటు," అన్నాడు నాన్న తెల్లబోయి.

చరిత అటు చూడలేదు. లైటు స్తంభం దగ్గర ఇంకో నీలం కవరాల్ నిలబడి ఉంది, భుజానికి కేబుల్ చుట్ట వేసుకుని, ఒంటికాలి మీద. చరిత చెయ్యి ఊపింది.

"అన్నా, ఇక్కడ ఖాళీ. రండి."

తర్వాత తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుంది. వాడి గడ్డం మీది పాకం చెవుల దాకా పాకింది. చరిత కర్చీఫ్ మడిచి, వాడు గింజుకుంటున్నా వదలకుండా, మూతి శుభ్రంగా తుడిచింది.

ఇన్నేళ్ళకి ఆ కర్చీఫ్‌కి అసలు డ్యూటీ దొరికింది.